ఏటిగట్టు మీద ఇంటర్వెల్ కార్డియో: కొవ్వు తగ్గాలనుకునే ఆడవాళ్ళు తమకి సరిపడే ప్రోగ్రామ్ ఎలా ఎంచుకోవాలి

మాది పాలకొల్లు దగ్గర, వశిష్ఠ గోదారి ఏటిగట్టు కింద ఊరండి. నాకు 43 ఏళ్ళు. నాలుగేళ్ళ క్రితం పొట్ట తగ్గించుకోవాలని ఫోన్‌లో ఒక వీడియో పెట్టుకుని హాల్లో టైల్స్ మీద ఒట్టి కాళ్ళతో ఎగరడం మొదలెట్టాను, ఇరవై సెకన్లు ఎగరడం, పది సెకన్లు ఆగడం, మళ్ళీ ఎగరడం, అదీ మే నెల ఉక్కలో. రెండో వారానికి కుడి మోకాలు వాచింది, మూడో వారానికి మెట్లు దిగలేకపోయాను, ఊరికే ఆయాసం వస్తోంది ఏంటా అని రక్తం టెస్ట్ చేయిస్తే హిమోగ్లోబిన్ 9 ఉంది. అంత తక్కువ రక్తంతో అంత గట్టి వ్యాయామం చేస్తే ఒళ్ళు ఎలా ఓర్చుకుంటుంది చెప్పండి. ఐరన్ మాత్రలు వాడి, మోకాలు తగ్గాక, ఈసారి నిదానంగా చదివి, తెలిసినవాళ్ళని అడిగి, నాకు ఏది సరిపడుద్దో చూసుకుని మొదలెట్టాను. అప్పట్నుంచి మా వదిన, మా వీధిలో ఇంకో అయిదారుగురు నాతో గట్టు ఎక్కుతున్నారు, ఒక్కొక్కరికీ ఒక్కో రకం ప్రోగ్రామ్ కుదిరింది. ఎవరికి ఏది ఎందుకు కుదిరిందో వరసగా రాస్తున్నాను, మీకేది పనికొస్తుందో మీరే తేల్చుకోవచ్చు.

కార్డియో అంటే గుండెకీ ఊపిరితిత్తులకీ పని చెప్పే వ్యాయామం. ఇంటర్వెల్ అంటే ఏం లేదండి, కాసేపు గట్టిగా, కాసేపు తేలిగ్గా, మళ్ళీ గట్టిగా. మన నడకలో అయితే వేగంగా కాసేపు, నెమ్మదిగా కాసేపు. తేలిగ్గా చేసే ఆ టైం ఉంది చూశారూ, దాన్ని చాలామంది వేస్ట్ అనుకుని తగ్గించేస్తారు, కానీ అదే మిమ్మల్ని తర్వాత రౌండ్ సరిగ్గా చెయ్యనిస్తుంది. ప్రోగ్రామ్ ఎంచుకునేటప్పుడు గట్టిగా ఎంతసేపు అని కాకుండా రెస్ట్ ఎంతసేపు అని ముందు చూడండి, ఎందుకో కింద వస్తుంది.

మొదటి మెట్టు: దీనివల్ల ఏం వస్తుంది, ఏం రాదు

ఒక కిలో కొవ్వులో సుమారు 7700 క్యాలరీలు ఉంటాయి. 65 కిలోల ఆవిడ ఇరవై నిమిషాలు ఇంటర్వెల్స్ చేస్తే ఖర్చయ్యేది ఉజ్జాయింపుగా 150 నుంచి 200. ఇంటికొచ్చి టీతో పాటు రెండు పూతరేకులు తింటే అందులో చాలావరకు తిరిగొచ్చేస్తుంది. అందుకని వ్యాయామం ఒక్కదాంతో పది కిలోలు తగ్గిపోతాం అని ఎవరన్నా చెప్తే నమ్మకండి. చేశాక కూడా ఒళ్ళు గంటలకొద్దీ కొవ్వు కరిగిస్తూనే ఉంటుంది అని ఒక మాట తెగ తిరుగుతుంది, అది పూర్తిగా అబద్ధం కాదు కానీ అలా అదనంగా ఖర్చయ్యేది చాలా కొంచెం, దాన్ని లెక్కలో వేసుకోవద్దు.

ఇంటర్వెల్స్‌నీ మామూలు ఏకధాటి నడకనీ పక్కపక్కన పెట్టి చూసిన పరిశోధనలు చాలా ఉన్నాయి, మొత్తం మీద కొవ్వు తగ్గడంలో రెండూ దాదాపు సమానమే. మరి ఇంటర్వెల్స్ ఎందుకంటే టైం. పొద్దున్నే క్యారేజీలు కట్టి, పిల్లల్ని బస్సెక్కించి, పాలు పిండించుకుని, ఆ మధ్యలో దొరికేది అరగంట. ఆ అరగంటలో గుండెకీ ఊపిరితిత్తులకీ మామూలు నడక కంటే ఎక్కువ పని దొరుకుతుంది, దమ్ము తొందరగా పెరుగుతుంది, దమ్ము పెరిగితే రోజంతా ఇంకొంచెం చురుగ్గా తిరుగుతాం. నా మటుకు నాకు అసలు లాభం ఇదే అనిపిస్తుంది.

రెండో మెట్టు: ముందు ఒళ్ళు చూసుకోండి

ఈ మెట్టు దాటేసే వాళ్ళే ఎక్కువ, అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను.

రక్తం: మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది, మన రాష్ట్రమూ అందులో తక్కువేం కాదు. గర్భం లేని ఆడవాళ్ళకి హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క. అలా ఉన్నప్పుడు రెండు మెట్లెక్కితేనే గుండె దడదడలాడుద్ది, అప్పుడు గట్టి ఇంటర్వెల్స్ పెట్టుకుంటే అలసటే తప్ప ఫలితం రాదు. టెస్ట్‌కి పెద్ద ఖర్చేం కాదండి, ముందు అది చేయించుకోండి. తక్కువుంటే డాక్టర్ చెప్పిన మందు వాడుతూ మామూలు నడకతో గడపండి. థైరాయిడ్ కూడా అదే రక్తంతో చూసేస్తారు, బరువు ఊరికే పెరుగుతున్నవాళ్ళు, ఒంట్లో ఓపిక లేనివాళ్ళు తప్పకుండా చూపించుకోవాలి.

బీపీ, షుగర్: బీపీ అదుపులో లేకపోతే అదుపులోకి వచ్చేదాకా ఆగండి. బీపీ మందుల్లో కొన్ని గుండె వేగాన్ని పెరగనివ్వవు, అవి వాడేవాళ్ళకి వాచీలో కనిపించే గుండె లెక్క పనికిరాదు, వాళ్ళు కింద చెప్పే మాటల పరీక్షతోనే వెళ్ళాలి. షుగర్‌కి ఇన్సులిన్ గానీ, షుగర్ బాగా దించే కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవాళ్ళకి మధ్యలో షుగర్ పడిపోవచ్చు, కొంగున నాలుగు చాక్లెట్లో గ్లూకోజ్ పొడో కట్టుకుని, తోడుతో వెళ్ళండి. షుగర్ వల్ల కంట్లో రక్తనాళాలు దెబ్బతిన్నవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా గట్టివి చెయ్యకూడదు.

ఇంకోటి, దీని గురించి మనం అక్కాచెల్లెళ్ళ మధ్య కూడా నోరు విప్పం. కాన్పులయ్యాక చాలామందికి దగ్గినా తుమ్మినా ఎగిరినా రెండు చుక్కలు మూత్రం పడుద్ది. అలా ఉన్నవాళ్ళు ఎగిరే ఎక్సర్‌సైజులు, పరుగులు ఇప్పుడప్పుడే పెట్టుకోవద్దు, వేగంగా నడక, సైకిల్ బాగానే ఉంటాయి. సిగ్గుపడాల్సింది ఏం లేదు, మూత్రం ఆపుకునే కండరాల్ని బిగపట్టి వదిలే వ్యాయామాలు ఉన్నాయి, లేడీ డాక్టరో ఫిజియోథెరపిస్టో నేర్పిస్తారు, కొన్ని నెలలు ఓపిగ్గా చేస్తే చాలామందికి తగ్గుద్ది. సిజేరియన్ అయినవాళ్ళు డాక్టర్ సరే అన్నాకే మొదలెట్టండి, కడుపుతో ఉన్నవాళ్ళకి ఈ వ్యాసం వర్తించదు.

ఛాతీలో నొప్పి, పట్టేసినట్టుండటం, నడిస్తే కళ్ళు తిరగడం, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్ళుండటం, వీటిల్లో ఏది ఉన్నా డాక్టర్ దగ్గరికి వెళ్ళి వచ్చాకే మిగతాది చదవండి.

మూడో మెట్టు: పునాది ఉందా లేదా

వారంలో అయిదు రోజులు, రోజుకి అరగంట, ఆగకుండా చురుగ్గా నడవగలుగుతున్నారా? మర్నాడు మోకాలు, మడమ నొప్పి లేకుండా? అవునంటే మీరు ఇంటర్వెల్స్‌కి సిద్ధం. లేదంటే ముందు నాలుగు వారాలు అదొక్కటే చెయ్యండి. మా వదిన ఈ నాలుగు వారాలకే నడుం దగ్గర జాకెట్టు వదులైందని మురిసిపోయింది, అప్పటికి ఇంకా ఒక్క ఇంటర్వెల్ కూడా చెయ్యలేదు.

ఇదే టైంలో ఒక కిలోమీటరు ఎన్ని నిమిషాల్లో నడుస్తున్నారో కాగితం మీద రాసుకోండి. కాలవ మీద ఒక వంతెన నుంచి ఇంకో వంతెన దాకా దూరం బండి మీటర్‌లో చూసుకుంటే సరిపోద్ది. తర్వాత పోల్చుకోడానికి ఆ కాగితం కావాలి.

నాలుగో మెట్టు: గట్టిగా అంటే ఎంత గట్టిగా

అందరూ 220 లోంచి వయసు తీసేసి గరిష్ఠ గుండె వేగం లెక్కేస్తారు. చికాగోలో అయిదు వేల పైచిలుకు ఆడవాళ్ళని పరీక్షించి 2010లో ఒక లెక్క ఇచ్చారు, ఆడవాళ్ళకి 206 లోంచి వయసుని 0.88 తో గుణించి తీసెయ్యాలని. 45 ఏళ్ళ ఆవిడకి పాత లెక్కలో గరిష్ఠం 175 వస్తే, ఈ లెక్కలో 166 వస్తుంది. తొమ్మిది తేడా. పాత లెక్క పెట్టుకుని వాచీలో అంకె రావట్లేదని ఇంకా ఇంకా తోసుకుంటూ వెళ్ళేవాళ్ళని చూశాను, వాళ్ళ తప్పేం లేదు, లెక్కే వాళ్ళకి సరిపడలేదు. ఈ కొత్త లెక్క కూడా ఉజ్జాయింపే, మనిషి మనిషికీ తేడా ఉంటుంది.

వాచీ లేకపోయినా ఏం పర్లేదు. పక్కన నడిచే మనిషితో మాట్లాడండి. నెమ్మది నడకలో కూర చింతచిగురు పప్పా, పీతల పులుసా అని మొత్తం కథ చెప్పగలగాలి. వేగంగా నడిచేటప్పుడు నాలుగైదు మాటల కంటే ఒక్క ఊపిరిలో రాకూడదు. అది మధ్యస్తం దాటి గట్టి వైపు వచ్చినట్టు. ఒక్క మాట, రెండు మాటలే వస్తున్నాయంటే బాగా గట్టి, అది ఒక నిమిషం లోపు ముక్కలకే ఉంచండి. అసలు మాటే రావట్లేదు, చెవులు హోరెత్తుతున్నాయి అంటే దాటిపోయారు, తగ్గించండి.

ఇంకో గుర్తు ఉంది. నెమ్మది టైం అయిపోయే సరికి ఊపిరి మళ్ళీ మాటలకి అందుతోందా? అందకపోతే రెస్ట్ చాల్లేదని అర్థం. వీడియో ఏం చెప్పినా సరే ఇంకో నిమిషం కలుపుకోండి.

అయిదో మెట్టు: అయిదు రకాల్లో మీది ఏది

ఇదండి అసలు విషయం. ఇంటర్‌నెట్‌లో వంద పేర్లు ఉంటాయి కానీ తవ్వి చూస్తే దాదాపు అన్నీ ఈ అయిదింటి పిల్లలే.

మూడు నిమిషాలు వేగం, మూడు నిమిషాలు నెమ్మది, అలా అయిదు సార్లు, మొత్తం అరగంట, వారానికి నాలుగు రోజులు. ఇది జపాన్‌లో మత్సుమోతో ఊళ్ళో షిన్షు యూనివర్సిటీ వాళ్ళు నడివయసు దాటినవాళ్ళ మీద చేసి 2007లో రాశారు. వాళ్ళు ముఖ్యంగా చూసింది కాళ్ళ బలం, దమ్ము, బీపీ, ఇవన్నీ మామూలు నడక కంటే బాగా మెరుగయ్యాయి. కొవ్వు మాటకొస్తే డెన్మార్క్‌లో 2013లో ఇలాంటి మూడు-మూడు నడకనే టైప్ 2 షుగర్ ఉన్నవాళ్ళతో నాలుగు నెలలు చేయించారు, రోజుకి గంట, వారానికి అయిదు రోజులు. మామూలుగా ఒకే వేగంతో నడిచినవాళ్ళకి తగ్గలేదు గానీ వీళ్ళకి పొట్టలోపలి కొవ్వు సహా తగ్గింది. ఎగరడం లేదు, పరుగు లేదు, చీర మీద కూడా చెయ్యొచ్చు. నలభై దాటినవాళ్ళకి, మోకాళ్ళ గొడవున్నవాళ్ళకి, మొదటిసారి చేసేవాళ్ళకి నేను ఇదే చెప్తాను, ఇంకో ఆలోచన లేకుండా.

ఒక నిమిషం గట్టి, ఒక నిమిషం తేలిక, పది సార్లు. కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో గిబాలా గారి బృందం బాగా పరిశీలించిన పద్ధతి ఇది. ముందు మూడు నిమిషాలు, వెనక రెండు నిమిషాలు తేలిగ్గా చేస్తే పాతిక నిమిషాల్లో అయిపోద్ది. పదకొండు గంటలకి డ్యూటీ ఎక్కే నర్సమ్మాయి ఒకావిడ ఉంది మాతో, 28 ఏళ్ళు, ఆవిడకి ఇది బాగా పట్టింది. నడకతో ఈ స్థాయి గట్టి రావడం కష్టం, చిన్న జాగింగో, సైకిలో, మెట్లో, గట్టు రాంపో కావాలి.

ఎనిమిది సెకన్లు వేగం, పన్నెండు సెకన్లు తేలిక, ఇరవై నిమిషాలు, సైకిల్ మీద. ఇది ప్రత్యేకంగా ఆడవాళ్ళ మీదే చేసింది. ఆస్ట్రేలియాలో సిడ్నీలో 45 మంది పడుచు ఆడవాళ్ళని తీసుకుని, కొందరితో ఇలా, కొందరితో ఏకధాటిగా సైకిల్ తొక్కించి, ఇంకొందరిని ఏం చేయించకుండా ఉంచి, వారానికి మూడు రోజుల చొప్పున 15 వారాలు చూశారు, 2008లో వచ్చింది. ఈ ఎనిమిది-పన్నెండు గుంపుకి కొవ్వు సుమారు రెండున్నర కిలోలు తగ్గింది. పదిహేను వారాలకి రెండున్నర కిలోలండి, వారంలో అయిదు కిలోలు అని చెప్పే ప్రకటనలకీ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి. ఇది రోడ్డు మీద మామూలు సైకిల్‌తో చెయ్యొద్దు, ఒకేచోట నిలబెట్టి తొక్కే సైకిల్ ఇంట్లో గానీ జిమ్‌లో గానీ ఉంటేనే. మోకాళ్ళకి బరువు పడదు కాబట్టి లావు ఎక్కువున్నవాళ్ళకి కూడా బానే ఉంటుంది, సీటు ఎత్తు సరిచూసుకోండి, పెడల్ కిందకి వెళ్ళినప్పుడు మోకాలు కొంచెం మాత్రమే వంగి ఉండాలి.

నాలుగు నిమిషాలు గట్టి, మూడు నిమిషాలు తేలిక, నాలుగు సార్లు. నార్వేలో ట్రాండ్‌హైమ్ ఊళ్ళో ఉన్న యూనివర్సిటీ వాళ్ళది. గరిష్ఠ గుండె వేగంలో 85 నుంచి 95 శాతం దాకా వెళ్ళాలి, అది నాలుగు నిమిషాలు నిలబెట్టడం చిన్న విషయం కాదు. దమ్ము పెంచడంలో దీనికి మంచి పేరు ఉంది కానీ మూడు నెలలు ఇంకో ప్రోగ్రామ్ చేశాకే దీని జోలికి రండి. ముందూ వెనకా కలిపి నలభై నిమిషాలు పడుద్ది.

ఇరవై సెకన్లు గట్టి, పది సెకన్లు ఆగడం, ఎనిమిది సార్లు, నాలుగు నిమిషాలు. టబాటా అంటారు, జపాన్‌లో ఇజుమి టబాటా గారు 1996లో రాసిన పద్ధతి. నేను మోకాలు పాడుచేసుకుంది దీని పేరు పెట్టుకున్న వీడియోతోనే, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. ఆ పరిశోధనలో చేసింది వ్యాయామ విద్య చదివే కుర్రాళ్ళు, ప్రత్యేకమైన సైకిల్ మీద, వాళ్ళ గరిష్ఠ ఆక్సిజన్ వాడకానికి సరిపడే పని కంటే 70 శాతం ఎక్కువ పెట్టి, ఏడో ఎనిమిదో రౌండ్‌కి ఇంక తొక్కలేనంత. వాళ్ళు చూసింది దమ్ము, కొవ్వు తగ్గడం కాదు. మన హాల్లో టైల్స్ మీద ఇరవై సెకన్లు ఎగిరి పది సెకన్లు ఆగడం అసలు అది కాదు, టైమింగ్ ఒక్కటే అది. పది సెకన్ల రెస్ట్‌లో కొత్తవాళ్ళకి ఊపిరి అందదు, మూడో రౌండ్‌కే అడుగు అదుపు తప్పుద్ది, మోకాలు లోపలికి వంగుద్ది, దెబ్బ అక్కడ తగులుద్ది. రెస్ట్ ముందు చూడమన్నది ఇందుకే. మొదటి మూడు నెలలు దీన్ని పక్కన పెట్టండి.

తేల్చుకోడానికి నేను మా వాళ్ళని అడిగేవి మూడే. మోకాలు, మడమ, నడుం బానే ఉన్నాయా, లేకపోతే మూడు-మూడు నడకో సైకిలో. వారానికి ఎన్ని పొద్దున్నలు నిజంగా ఖాళీ, నాలుగుంటే మూడు-మూడు, రెండో మూడో అయితే నిమిషం-నిమిషం. మూడోది, చేసిన మర్నాడు మళ్ళీ చెయ్యాలనిపిస్తోందా, భయం వేస్తోందా. భయం వేస్తే ఆ ప్రోగ్రామ్ మీది కాదు, ఎంత మంచిదైనా సరే, మూడో వారంలో మానేస్తారు.

ఆరో మెట్టు: ఎక్కడ, ఎప్పుడు

మన డెల్టా అంతా బల్లపరుపు, కొండా గుట్టా లేదు. ఎక్కుడు కావాలంటే ఏటిగట్టు ఎక్కే రాంపు ఒక్కటే, మా ఊళ్ళో ఇసక బళ్ళు దిగే రాంపు పొద్దున్నే ఖాళీగా ఉంటుంది. రాంపు మీద వేగంగా ఎక్కి, నెమ్మదిగా దిగితే పరుగు లేకుండానే నిమిషంలో రొప్పు వచ్చేస్తుంది, పైకెక్కేటప్పుడు మోకాలి మీద దెబ్బ కూడా తక్కువ. దిగేటప్పుడు మాత్రం అడుగు చిన్నది వెయ్యండి, మోకాలు నొచ్చేది అక్కడే. చించినాడ వంతెన లాంటి పెద్ద వంతెనల మీద లారీలు తిరుగుతాయి, అక్కడ వద్దు.

ఫోన్‌లో టైమర్ చూసుకుంటూ నడవడం చిరాగ్గా ఉంటే కరెంటు స్తంభాలు లెక్కపెట్టుకోండి. వేగంగా మూడు నిమిషాల్లో ఎన్ని స్తంభాలు దాటుతున్నారో ఒకసారి చూసుకుంటే చాలు, తర్వాతంతా స్తంభాల మీదే నడిచిపోద్ది. మా వదినకి టైమర్ పెట్టడం రాదు, ఆవిడ కొబ్బరి తోట మొదలు నుంచి లాకుల దాకా వేగం, లాకుల నుంచి గుడి దాకా నెమ్మది, రెండేళ్ళుగా అదే.

వేడి గురించి. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుద్ది, మన దగ్గర గాల్లో తేమ ఎక్కువ, చుట్టూ కాలవలు, చేలు, చేపల చెరువులు, చెమట ఆరదు, కారిపోద్ది అంతే. అందుకని ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆరున్నర లోపు దిగిపోవాలి, రోహిణి కార్తెలో గట్టి రౌండ్లు సగానికి తగ్గించండి, అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది కాబట్టి సగం చేసినా పని పూర్తయినట్టే. తల నొప్పి, వాంతి వచ్చేట్టుండటం, వణుకు వస్తే వెంటనే నీడకి వచ్చి, తడిగుడ్డ వేసుకుని, కొంచెం కొంచెంగా ఉప్పు వేసిన మజ్జిగ తాగండి. మాట తడబడినా, తెలివి తప్పుతున్నట్టున్నా ఇంక ఆలస్యం చెయ్యకుండా 108కి ఫోన్ కొట్టండి.

వానాకాలం గట్టు బురదగా ఉంటుంది, వరద వచ్చిన రోజుల్లో పుట్టల్లోంచి పాములు గట్టు మీదకే వస్తాయి, చీకట్లో అస్సలు వెళ్ళకండి. ఆ రెండు మూడు నెలలు డాబా మీద గానీ, ఇంటి మెట్ల మీద గానీ, పంచలో ఒకేచోట మోకాళ్ళు ఎత్తి నడుస్తూ గానీ చేసుకోవచ్చు. సంక్రాంతి ముందు మంచు పట్టినప్పుడు రోడ్డు పక్కన నడవద్దు, బండివాడికి మనం కనపడం. ఎప్పుడైనా ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి, కుక్కలకి ఒక కర్ర పట్టుకోండి. బూట్లు కొత్తవి ఖరీదైనవి అక్కర్లేదు, మడమ దగ్గర మెత్తగా ఉండి కాలు జారకపోతే చాలు, హవాయి చెప్పులతో మాత్రం వేగంగా నడవద్దు.

ఏడో మెట్టు: పన్నెండు వారాలు

మూడు-మూడు ఎంచుకున్నవాళ్ళకి మేము చేసిన వరస ఇది. ప్రతిసారీ ముందు అయిదు నిమిషాలు, వెనక అయిదు నిమిషాలు తేలిక నడక.

మొదటి రెండు వారాలు, ఒక నిమిషం వేగం, రెండు నిమిషాలు నెమ్మది, ఆరు సార్లు, వారానికి మూడు రోజులు. మూడు, నాలుగు వారాలు, రెండు నిమిషాలు వేగం, రెండు నెమ్మది, ఆరు సార్లు. అయిదో వారం నుంచి మూడు-మూడు, ముందు మూడు సార్లు, ఏడో వారానికి నాలుగు, తొమ్మిదికి అయిదు, అప్పుడే వారానికి నాలుగో రోజు కలపండి. పది నుంచి పన్నెండు దాకా టైం పెంచకుండా వేగం పెంచండి, అవే మూడు నిమిషాల్లో ఒక స్తంభం ఎక్కువ దాటడానికి చూడండి. ఒకేసారి రెండూ పెంచొద్దు. ఏ వారమైనా కష్టమనిపిస్తే అదే వారం మళ్ళీ చెయ్యండి, ఎవరూ తరమట్లేదు.

నిమిషం-నిమిషం వాళ్ళు నాలుగు రౌండ్లతో మొదలెట్టి వారానికి ఒక రౌండ్ కలుపుకుంటూ పదికి చేరండి, వారానికి మూడు రోజులు దాటొద్దు, రెండు రోజులు వరసగా అస్సలు వద్దు.

మిగిలిన రోజుల్లో రెండు రోజులు కండకి పని చెప్పండి, ఇది తప్పకుండా. కుర్చీలోంచి చేతులు ఆనకుండా పన్నెండు సార్లు లేచి కూర్చోవడం, గోడకి చేతులు ఆనించి తొయ్యడం, రెండు చేతుల్లో నీళ్ళ క్యాన్లు పట్టుకుని నడవడం, మునివేళ్ళ మీద లేవడం, మూడు విడతలు. తిండి తగ్గించి కార్డియో ఒక్కటే చేస్తే కొవ్వుతో పాటు కండ కూడా పోద్ది, నలభై దాటాక పోయిన కండ తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం.

నెలసరి గురించి అందరూ అడుగుతారు. ఆ రోజుల్లో చెయ్యకూడదని ఏం లేదు, ఓపికుంటే చెయ్యండి, కడుపు నొప్పి ఎక్కువుంటే నెమ్మది నడక చాలు. నెలలో ఏ వారం ఏ వ్యాయామం అని పట్టికలు తిరుగుతున్నాయి, అంత గట్టి ఆధారాలేం లేవు, మీ ఓపికే పట్టిక. నెలసరికి ముందు నాలుగైదు రోజులు ఒంట్లో నీరు పట్టి కాటా మీద కిలో, కిలోన్నర పెరగొచ్చు, అది కొవ్వు కాదు, చూసి బెంగపెట్టుకోకండి. కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండేవాళ్ళు ఆ రోజు గట్టి రౌండ్లు మానేసి తేలిగ్గా నడవండి.

ఎనిమిదో మెట్టు: కంచంలో

దీని మీద ఇంకో పెద్ద వ్యాసం రాయాలి, రెండు ముక్కలు చెప్పి వదిలేస్తాను. మనం డెల్టా వాళ్ళం, మూడు పూటలా అన్నమో బియ్యప్పిండితో చేసిందో. అన్నం మానక్కర్లేదు. ముందు కూర, పప్పు, గుడ్డో చేపో వడ్డించుకుని, మిగిలిన చోట అన్నం పెట్టుకోండి, ఇప్పుడు పెట్టుకునేదాంట్లో ఒక గరిటె తగ్గుతుంది. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, రోజు మొత్తం మీద మీ బరువు కిలోకి ఒక గ్రాము పైనే అందేలా చూసుకోండి, పప్పు, పెరుగు, పెసలు, చేపలు మన దగ్గర వేటికీ కరువు లేదు. నాలుగింటి టీతో వచ్చే జంతికలు, కాజాలు, వాటి దగ్గరే చాలామందికి కష్టపడిందంతా పోతుంది. మా మాటకొస్తే ఆ ఒక్క పూట జామకాయకి మార్చుకున్నాం.

తొమ్మిదో మెట్టు: పనిచేస్తోందా లేదా

కాటా కంటే టేపు నమ్మండి. నిలబడి, ఊపిరి మామూలుగా వదిలి, పక్కటెముక కిందికీ తుంటి ఎముక పైకీ మధ్యలో చుట్టి కొలవండి. మన దేశపు ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటితే పొట్టలో కొవ్వు ఎక్కువున్నట్టు లెక్క. నాలుగు వారాలకి ఒకసారి, నెలసరి అయిన వారంలోనే, పొద్దున్నే, ప్రతిసారీ అదే చోట. దాంతో పాటు ఆ కిలోమీటరు నడక టైం కూడా.

టైం తగ్గి నడుం తగ్గకపోతే ప్రోగ్రామ్ బానే పనిచేస్తోంది, తిండి దగ్గర చూసుకోవాలి. రెండూ కదలకపోతే గట్టి టైంలో సరిపడా గట్టిగా చెయ్యట్లేదు, మాటల పరీక్ష మళ్ళీ పెట్టుకోండి. టైం ఇంకా పెరిగిపోతూ, నిద్ర పట్టక, పొద్దున్న లేవగానే నాడి మామూలు కంటే ఎక్కువ కొట్టుకుంటుంటే ఎక్కువ చేసేస్తున్నారు, ఒక వారం తేలిక నడకకి దిగండి, అప్పటికీ అలాగే ఉంటే రక్తం మళ్ళీ చూపించుకోండి.

పన్నెండు వారాలయ్యాక ప్రోగ్రామ్ మార్చాల్సిందే అని లేదు. నర్సమ్మాయి నాలుగు నిమిషాలు గట్టి, మూడు నిమిషాలు తేలిక పద్ధతికి వెళ్ళింది, నేను వారానికి రెండు రోజులు రాంపు మీద నిమిషం-నిమిషం, రెండు రోజులు మూడు-మూడు చేస్తున్నాను, నడుం 94 నుంచి 83కి రావడానికి ఏడాదిన్నర పట్టింది. మా వదినకి 52, ఆవిడ ఇప్పటికీ మూడు-మూడే. కిలోమీటరు పదిహేను నిమిషాలు పట్టేది, ఇప్పుడు పదకొండుకి వచ్చింది, మొన్న అంతర్వేది తీర్థంలో మా అందరికంటే ముందు నడిచింది.